పులి ముందు కెమెరా, వెనక మనిషి

టీవీలో పులి పిల్లలకు పాలిస్తుంటే, కెమెరామన్ అంత దగ్గరికి ఎలా వెళ్లాడబ్బా అనుకుంటాం. చాలాసార్లు ఆయన దగ్గరికి వెళ్లనే వెళ్లడు. అడవి జంతువులు ఎక్కువగా జంకేది కెమెరాను చూసి కాదు, మనిషిని చూసి. అందుకే చిత్రీకరణ పద్ధతుల్లో ఎక్కువ భాగం మనిషిని వాటి కంట పడకుండా చేయడానికి పుట్టినవే.

అన్నిటికంటే సులువైనది దూరం. టెలీఫొటో లెన్స్‌తో ఎంతో దూరం నుంచి కూడా పులి మీసాలు కనబడేలా తీయొచ్చు. కానీ లెన్స్ ఎంత పెద్దదైతే చేతి వణుకు అంత పెద్దగా కనిపిస్తుంది, కాబట్టి గట్టి స్టాండు తప్పదు. ఎండ ముదిరితే నేల మీది వేడిగాలికి బొమ్మ అలలు అలలుగా కదులుతుంది. పొద్దున్నే, చల్లటి వేళ పని మొదలుపెట్టేది ఇందుకే.

రెండోది మాటు, అంటే మనిషి దాక్కునే చాటు. దాన్ని ముందుగానే కట్టి వదిలేస్తే జంతువులు అలవాటు పడతాయి. అయితే గాలి వాటం చూసుకోవాలి. మన వైపు నుంచి గాలి వీచి దుప్పికి మనిషి వాసన తగిలిందా, అది అరుస్తుంది, చుట్టుపక్కల జంతువులన్నీ జాగ్రత్తపడతాయి.

అలవాటైన జంతువునే వాహనం చేసుకోవడం మరో ఉపాయం. 2008లో బీబీసీలో వచ్చిన ‘టైగర్: స్పై ఇన్ ద జంగిల్’ కోసం మధ్యప్రదేశ్‌లోని పెంచ్ అడవిలో శిక్షణ పొందిన ఏనుగులు తొండంతో కెమెరాలు మోశాయి. కొన్ని కెమెరాలను చెట్టు మొద్దులా తయారుచేసి పులులు తిరిగే చోట పెట్టించారు. ఏనుగు పులికి కొత్త కాదు కాబట్టి బెదరలేదు.

ఇక మనిషి అసలే లేని పద్ధతి కెమెరా ట్రాప్. 1920లలోనే బ్రిటిష్ అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యూ. చాంపియన్ బాటకు అడ్డంగా తీగ కట్టి, పులి దాన్ని తాకగానే ఫ్లాష్ వెలిగి ఫొటో పడేలా చేశారు. ఇప్పుడు తీగ పని సెన్సర్ చేస్తోంది. అది ఏ కిరణాన్నీ పంపదు, ఎదుట వేడిలో వచ్చే తేడాను పసిగడుతుంది. మండువేసవిలో బండలూ జంతువు ఒంటంత వేడెక్కితే తేడా చిక్కక పులి దాటిపోవచ్చు. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగితే ఉత్తుత్తి ఫొటోలు పడతాయి. అందుకే ముందున్న గడ్డిని తీసేసి, కెమెరాను మోకాలెత్తున కడతారు. పులి చారలు ఒక పక్క ఉన్నట్టు రెండో పక్క ఉండవు. లెక్కింపులో ఏది ఏ పులో చారలను బట్టే పోల్చుకోవాలి కాబట్టి, బాటకు రెండు వైపులా ఒక్కో కెమెరా పెడతారు.

ఎక్కడ కట్టాలన్నది యంత్రం చెప్పదు. ఎండిన వాగు ఇసుకలో అడుగుజాడలు, చెట్టు మానుపై గోళ్ల గీతలు చదవగలిగినవాళ్లే చెప్పాలి. నల్లమలలో ఆ విద్య చెంచులది. అంత చూసి కట్టినా పులి చిక్కేది తక్కువే. 2018 పులుల గణనలో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెడితే సుమారు 3.48 కోట్ల ఫొటోలు పడ్డాయి. వాటిలో పులివి 76,651 మాత్రమే.

ఈ కిటుకులు తెలిసినవాళ్లు చేయకూడనివీ ఉన్నాయి. గూడు బాగా కనిపించాలని కొమ్మ నరికితే పిల్లలకు నీడ పోతుంది, కాకికీ గద్దకూ దారి తెలుస్తుంది. ఎర వేసి రప్పిస్తే పులికి మనిషంటే జంకు తగ్గుతుంది, ఆ ముప్పు పక్క ఊరికే. అభయారణ్యంలో చిత్రీకరణకు అటవీశాఖ అనుమతి తప్పనిసరి చేసింది ఇలాంటివి జరగకూడదనే. జంతువు తన పని తాను చేసుకుంటూ పోవాలి. మనం రావడంతో దాని నడత మారితే, కెమెరాకు చిక్కింది అడవి జీవితం కాదు, మన రాకతో దానికి పుట్టిన కంగారు.