గట్టు తగాదాకు ఏ గడప ఎక్కాలి?

పక్క పొలం రైతు రాత్రికి రాత్రి గట్టు జరిపాడనుకోండి. నంద్యాల జిల్లా దొర్నిపాడు మండలంలో నష్టపోయిన రైతు ముందు ఎక్కడికి పోతాడు? ఊరి పెద్దమనిషి దగ్గరకు. అక్కడ తేలకపోతే పోలీస్ స్టేషన్‌కు. ఎస్సై ఇద్దరినీ పిలిచి నాలుగు మాటలు అని పంపిస్తాడు. గట్టు మాత్రం జరిగిన చోటే ఉంటుంది. నిజానికి ఆ రైతు తహసీల్దార్ ఆఫీసులో ఎఫ్-లైన్ (పొలం హద్దు కొలత) అర్జీ పెట్టుకోవాలి. మండల సర్వేయరు వచ్చి గొలుసు వేసి హద్దు చూపిస్తాడు. హద్దు తేలాక కూడా పక్కవాడు వినకుంటే సివిల్ కోర్టులో దావా వేయాలి. చేయి చేసుకున్నాడంటేనే పోలీసులు. ఈ వరుస తెలియక తిరిగేవాళ్లకు చెప్పుల ఖర్చే దండగ. పైగా ఒక్కోసారి ఆలస్యమే ఎదుటివాడికి బలమవుతుంది.

ఈ వరుస చెప్పడానికే న్యాయ విజ్ఞాన సదస్సులు పుట్టాయి. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, నంద్యాల లాంటి కోర్టున్న ఊళ్ల నుంచి జడ్జీలు, వకీళ్లు చుట్టుపక్కల పల్లెలకు వచ్చి, పైసా తీసుకోకుండా చట్టం చెప్పి వెళ్తారు. ఇది వాళ్ల దయ కాదు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఏ అధికరణం చేరింది. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదన్నది దాని సారం. అందుకోసం 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేశారు. అది అమల్లోకి రావడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. 1995 నవంబరు 9న వచ్చింది కాబట్టే ఏటా ఆ తేదీన న్యాయ సేవల దినం జరుపుతారు. జాతీయ సంస్థ నుంచి రాష్ట్రం, జిల్లా మీదుగా మండల కమిటీ దాకా ఈ అల్లిక దిగుతుంది. మండల కమిటీకి ఆ ప్రాంతంలోని సీనియర్ న్యాయాధికారే హోదా రీత్యా అధ్యక్షుడు. చట్టం గురించి జనానికి చెప్పడం కూడా ఈ సంస్థలు చేయాల్సిన పనుల్లో ఒకటని ఆ చట్టంలోనే రాసి ఉంది.

సదస్సు ఎలా నడుస్తుందో ఊళ్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. హైస్కూలు ఆవరణలోనో, ఎంపీడీవో ఆఫీసు హాల్లోనో బ్యానరు కడతారు. వేదిక మీద జడ్జి గారు, తహసీల్దారు, ఎస్సై, ఇద్దరు ముగ్గురు వకీళ్లు. బాల్యవివాహాలు, పోక్సో, గృహహింస, హెల్మెట్. విషయాలు మంచివే. కానీ శాలువాలకు, ఉపన్యాసాలకు పోయిన సమయం పోగా ప్రశ్నలకు మిగిలేది కొంచెమే. అసలు సదస్సు వందన సమర్పణ తర్వాత మొదలవుతుందని నా అభిప్రాయం. అప్పుడు ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు చుట్టుకొచ్చిన మనుషులు, అంతదాకా మూల కూర్చున్న జూనియర్ వకీలు చుట్టూ చేరతారు. ఆ కవర్లలో ఏముంటాయో చూస్తే ఈ సీమ తెలుస్తుంది.

సినిమాల్లో ఆళ్లగడ్డ వైపంటే బాంబులూ సుమోలూ. నల్లరేగడి నేలల్లో, కేసీ కాలువ కింద సేద్యం చేసుకునే మనిషికి నిద్ర చెడగొట్టేవి వేరే: ప్రొనోటు, పాస్‌బుక్కు, పంపకం.

ప్రొనోటు సంగతే చూడండి. రాసిన తేదీ నుంచి 3 ఏళ్లు దాటితే దాని మీద దావా చెల్లదు. ఈ లోపు కొంత సొమ్ము కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు లెక్క. అప్పిచ్చినవాడికి ఇది కంఠతా వస్తుంది, అప్పు తీసుకున్నవాడికి రాదు. “వందో రెండొందలో కట్టి సంతకం పెట్టుపో అన్నా” అన్నప్పుడు ఆ సంతకంతో కాలం చెల్లబోయే నోటుకు ప్రాణం పోస్తున్నామని రైతుకు తెలియదు. అంకె వేయకుండా సంతకం పెట్టిచ్చిన ఖాళీ నోటు ఇంకా ప్రమాదం. అప్పు తీర్చాక నోటు వెనక్కి తీసుకోకపోవడం మరీనూ. సదస్సులో ఒక్క ప్రొనోటు గురించి పావుగంట చెప్పినా చాలు, వచ్చినవాళ్ల పొద్దు వృథా కాదు.

పాస్‌బుక్కు మీద నమ్మకం కూడా అలాంటిదే. 1971 నాటి చట్టం ప్రకారం ఇచ్చే ఆ పుస్తకం రెవెన్యూ రికార్డులో పేరు ఉందని చూపిస్తుంది, అంతేగాని లేని హక్కును పుట్టించదు. పేరు తప్పు పడితే ఆర్డీవోకు అప్పీలు, ఆపైన జాయింటు కలెక్టరుకు రివిజన్. భూమి ఎవరిదన్న అసలు ప్రశ్న వస్తే సివిల్ కోర్టే.

ఆడబిడ్డల వాటా దగ్గర మన రాష్ట్రానిది దేశంలో ముందు పేరు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. కేంద్రం 2005లో ఆ మినహాయింపు తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదంతా ఉన్నా, “పసుపు కుంకుమ కింద ఎప్పుడో ఇచ్చేశాం కదమ్మా” అన్న ఒక్క మాటతో ఊళ్లో వాటా మాట ఆగిపోతుంది. నోటిమాటగా ఇచ్చిన పొలానికి రిజిస్టరు కాగితం లేకపోతే అది దానంగా నిలవదని ఆ ఆడబిడ్డకు చెప్పేవాళ్లుండరు.

చెప్పడంతో ఆగకుండా వకీలును కూడా ఉచితంగా పెట్టడం న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో పెద్ద సంగతి. 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, ప్రకృతి విపత్తు బాధితులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. మిగతావాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉండాలి. కోర్టు ఫీజు, టైపింగ్ ఖర్చు కూడా సంస్థే భరిస్తుంది. అమెరికాలో ఉన్న మన పాఠకులు ఇది గమనించాలి. అక్కడ 1963లో గిడియన్ తీర్పు వచ్చాక ప్రభుత్వ ఖర్చుతో వకీలు హక్కయింది క్రిమినల్ కేసుల్లోనే. ఇల్లు ఖాళీ చేయించే కేసులోనో, ఆస్తి దావాలోనో పేదవాడికి ఆ హక్కు సాధారణంగా లేదు. దొర్నిపాడు మండలం గుండుపాపలలో భర్త వదిలేసిన ఆడమనిషికి కాగితం మీద అంతకంటే ఎక్కువే ఉంది. ఉందని ఆమెకు తెలియాలి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఈ సంస్థలే నడిపే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. అందుకే, తొందరపెట్టారని అక్కడ సంతకం పెట్టకూడదు.

ఈ మధ్య మన రాష్ట్రంలో జరిగిన అతి పెద్ద చట్ట ప్రచారం ఏ సదస్సు కిందా రాలేదు. భూ హక్కుల చట్టం, జనం నోట్లో ల్యాండ్ టైట్లింగ్ యాక్టు, 2023 చివర్లో అమల్లోకి వచ్చినప్పుడు రాష్ట్రమంతటా వకీళ్లు విధులు బహిష్కరించి షామియానాలు వేసుకుని కూర్చున్నారు. భూమి హక్కు తగాదాలు సివిల్ కోర్టు నుంచి అధికారుల చేతికి పోతాయని దారినపోయే రైతుకు విడమరిచి చెప్పారు. తమ పొట్ట మీద దెబ్బ కాబట్టే చెప్పారని విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆ మాటలోనూ కొంత నిజముంది. అయినా టైటిల్ అంటే ఏమిటో, రిజిస్ట్రేషన్‌కూ దానికీ తేడా ఏమిటో టీ బంకుల దగ్గర మాట్లాడుకునే రోజు వచ్చిందంటే అది వాళ్ల చలవే. 2024లో ప్రభుత్వం మారాక ఆ చట్టం రద్దయింది.

ఊరి బడికి గదులు, నీళ్ల ట్యాంకు, కంటి శిబిరం అంటే మన ప్రవాస సంఘాలు ముందుంటాయి. న్యాయ సదస్సుకు మన డబ్బుతో పని లేదు, ఖర్చు చట్టమే పెడుతుంది. మనతో పని మరో రకంగా ఉంది. ఆ ప్లాస్టిక్ కవర్లలోని కాగితాల్లో చాలాసార్లు అవతలి పక్షం మనమే. వాటా అడిగే చెల్లెలికి అన్న డాలస్‌లో ఉంటాడు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుందని దాని మొదటి సెక్షనులోనే ఉంది. ఆర్డీవో ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల దాకా భరణం వేయవచ్చు. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తి దస్తావేజును, చూసుకోకపోతే రద్దు చేయవచ్చు.

మనలో ఎక్కువమందికి తగిలేది కౌలు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద యజమాని సంతకం పెడితే కౌలుదారుకు 11 నెలల కార్డు వస్తుంది. పంట రుణం, బీమా, నష్టపరిహారం ఆ కార్డు మీదే. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం 1956 నాటి కౌలు చట్టం రోజుల నుంచి మనవాళ్లను పట్టుకుంది. ఈ కార్డు పంటకే, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. యజమాని సముద్రాల అవతల ఉంటే ఆ సంతకం ఎవరు పెట్టాలి? పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవాళ్లు. దాన్ని యజమాని ఉండే దేశంలోని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి, ఇండియా చేరిన 3 నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అమ్మే అధికారం ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాట తీసేసి, కౌలు ఒప్పందాల మీద సంతకం చేసే అధికారం ఒక్కటే విడిగా, స్పష్టంగా రాయించుకోవచ్చు.