మడత చాకు వేళ్ల మీదికి ఎందుకు మూసుకుంటుంది?

పురికొస తెంపాలన్నా, పెన్సిలు చెక్కాలన్నా, మామిడికాయ ముక్కలు కోయాలన్నా జేబులో మడత చాకు ఉంటే ఎంతో సౌకర్యం. ఇది నేటి వస్తువేమీ కాదు. రోమనుల కాలం నాటి మడత చాకులు తవ్వకాలలో దొరికాయి. పదునైన బ్లేడు పిడిలో దాగి ఉంటుంది కనుక జేబు చిరగదు, చేయి తెగదు. కాని మడవడానికి వీలుగా చేసిన వస్తువు మనం కోరనప్పుడు కూడా మడుచుకోవచ్చు కదా!

అది ఎప్పుడు జరుగుతుందో చూద్దాం. కాయను కోసేటప్పుడు బలం చాకు వాదర మీద పడుతుంది. ఆ బలం బ్లేడును ఇంకా తెరిచే వైపుకే తోస్తుంది. పిడిలోని అడ్డు దానిని ఆపుతుంది. భయం లేదు. మొనతో రంధ్రం పొడిచేటప్పుడు, చెక్కలో ఇరుక్కున్న బ్లేడును ఊపి లాగేటప్పుడు సంగతి వేరు. అప్పుడు బలం బ్లేడు వీపు మీద పడి, దానిని మూసే వైపుకు తోస్తుంది. చిన్న చాకులలో ఈ బలాన్ని ఎదిరించేది పిడి వెనుక ఉండే ఉక్కు స్ప్రింగు ఒక్కటే. అది లొంగిందా, వాదర నేరుగా వేళ్ల మీదికి వస్తుంది.

అందుకే మోటు పనులకు వాడే పెద్ద చాకులకు తాళం పెడతారు. ఆ తాళం మీద ఎంత భారం పడుతుందో లెక్క వేయండి. బ్లేడు పొడవు 10 సెంటీమీటర్లు, తాళం ఇరుసుకు అర సెంటీమీటరు దూరంలో ఉందనుకుందాం. మొన దగ్గర 2 కిలోగ్రాముల బరువంత బలం పడితే, మీటసూత్రం ప్రకారం తాళం దగ్గర 40 కిలోగ్రాముల బరువంత బలం పడుతుంది! ఇరుసు లావుగా, తాళం దిట్టంగా ఎందుకుండాలో తెలిసింది కదా.

ఫ్రాన్సులోని సావోయ్ అనే కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో కొయ్య పిడితో ఒక మడత చాకు తయారుచేశాడు. దానికి తాళం లేదు. 1955లో పిడి మెడ దగ్గర తిరిగే ఉక్కు ఉంగరం ఒకటి అమర్చారు. ఉంగరానికి ఒకచోట చీలిక ఉంటుంది. చీలిక బ్లేడుకు ఎదురుగా ఉంటే చాకు మడుచుకుంటుంది. ఉంగరాన్ని కాస్త తిప్పితే దాని అంచు బ్లేడుకు అడ్డంపడుతుంది, అంతే. ఇంత తేలిక ఉపాయం తట్టడానికి 65 ఏళ్లు పట్టింది!

అయితే ఎంత దిట్టమైన తాళమైనా మడత పడే దిశలోనే కాపాడుతుంది. రంగు డబ్బా మూతను చాకుతో మీటితే బలం పక్కలకు పడుతుంది. వాదర నిలవడానికి ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలోనో నీటిలోనో ముంచి గట్టిపరుస్తారు. గట్టిదనంతో పాటు పెళుసుదనం కూడా వస్తుంది. మళ్లీ కొద్దిగా వేడిచేసి ఆ పెళుసుదనాన్ని తగ్గిస్తారు గాని, పూర్తిగా పోగొడితే పదును నిలవదు. కాబట్టి మీటితే మొన పుటుక్కున విరుగుతుంది. మూత తీయడానికి స్క్రూడ్రైవరు ఉండనే ఉంది.

మొద్దు చాకు తెగదు కనుక మేలని కొందరనుకుంటారు. నిజానికి అదే ఎక్కువ ప్రమాదం. వాదర మందం పది రెట్లు పెరిగితే, అదే బలానికి పీడనం పదోవంతుకు పడిపోతుంది. అప్పుడు మనం బలమంతా పెట్టి నొక్కుతాం, చాకు జారుతుంది. నొక్కుడు ఎక్కువైన కొద్దీ గాయం లోతవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి సానరాయి మీద పదును పెట్టించుకోండి.

అరటికాయ తరిగిన ఇనుప కత్తిపీట నల్లబడడం మీరు చూసే ఉంటారు. కాయలోని టానిన్లు ఇనుముతో కలవడం వల్ల వచ్చే రంగు అది. కర్బనపు ఉక్కు చాకుకూ ఇదే గతి. స్టెయిన్‌లెస్ ఉక్కులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పొరగా ఏర్పడుతుంది కనుక దానికి మచ్చ అంత సులువుగా పట్టదు. కర్బనపు ఉక్కు చాకుతో నిమ్మకాయ కోస్తే వెంటనే కడిగి, పొడిగా తుడిచి, ఇరుసు దగ్గర ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయాలి.