ఖర్చు బాబాయిది... కాగితాల్లో చోటేదీ?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే దోహాలోని తెలుగువాళ్లకు ఊళ్ల నుంచి ఫోన్లు మొదలు. "తమ్మీ, పోరడు పాసైండు. నీ కాడికే తోలిద్దామనుకుంటున్న. వీసా తియ్యరాదు?" అడిగేది అన్న. ఒకప్పుడు పొలం కుదువపెట్టి తమ్ముణ్ని గల్ఫ్ ఎక్కించింది కూడా ఆయనే అయితే, కాదనే నోరు ఎక్కడిది? "చూద్దాం అన్నా" అంటాడు. ఆ మాట ఊళ్లోకి చేరేసరికి "వీసా వచ్చేసింది" అయిపోతుంది.

ఖతార్ లెక్క వేరు. అక్కడ అన్న కొడుకు కొడుకు కాడు. ఫ్యామిలీ రెసిడెన్సీ మీద ఉద్యోగి తెచ్చుకోగలిగేది ముఖ్యంగా భార్యాపిల్లలనే. కొడుకైతే 25 ఏళ్ల లోపు వాడై ఉండాలి, కూతురైతే పెళ్లి కాకూడదు. ప్రైవేటు ఉద్యోగికి అందుకు నెలకు 10,000 రియాళ్ల జీతం కావాలి. కంపెనీయే కుటుంబానికి ఇల్లిస్తే 6,000 చాలు. 2021 నుంచి అమల్లో ఉన్న కనీస వేతనమేమో 1,000 రియాళ్లు. తిండి, వసతి కంపెనీ చూడకపోతే ఇంకో 800. జగిత్యాల నుంచి వెళ్లిన మేస్త్రీ పెళ్లాంబిడ్డలనే తెచ్చుకోలేడు, ఇక అన్న కొడుకు మాట ఎక్కడ!

"ముందు విజిట్ మీద దించు, తర్వాత చూసుకుందాం" అనే సలహాదారులు ప్రతి క్యాంపులోనూ ఉంటారు. వాళ్ల మాట వినకపోవడమే మంచిది. విజిట్ వీసా చుట్టపుచూపుకే, చదువుకు కాదు.

అసలు దారి ఇంకోటి ఉంది. సీటు తెచ్చుకుంటే విద్యార్థికి యూనివర్సిటీయే స్పాన్సర్. ఖతార్ ఫౌండేషన్ 1995లో పుట్టింది. అది కట్టిన ఎడ్యుకేషన్ సిటీకి 1998లో అమెరికా నుంచి వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ వచ్చింది. ఆ వెనకే వైద్యానికి వీల్ కార్నెల్, కంప్యూటర్లకు కార్నెగీ మెలన్, ఇంకా జార్జ్‌టౌన్, నార్త్‌వెస్టర్న్. టెక్సస్ ఏ అండ్ ఎం మాత్రం 2028కల్లా మూటాముల్లె సర్దుకోవాలని 2024లో తీర్మానించింది. ఇంజినీరింగ్ అనుకునేవాళ్లు ఇది గమనించాలి. ఫీజులు అమెరికా స్థాయివే. అవసరాన్ని బట్టి ఫౌండేషన్ సాయం అందుతుంది కానీ, ముందు సీటు రావాలి. సీటుకు చూసేది కుర్రాడి మార్కులు, వ్యాసాలే. బాబాయి పలుకుబడి అక్కడ పనిచేయదు.

మరి బాబాయి చేయగలిగేది? పక్కింటి పెద్దలా ఉండటం. దోహాలోని మన్సూరాలో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా, 2 రియాళ్ల టికెట్‌తో ఎడ్యుకేషన్ సిటీలో దిగొచ్చు. శుక్రవారం పూట పప్పుచారు తినడానికి అదే రైల్లో వెనక్కి రావచ్చు. హాస్టల్ కుర్రాడికి ఇదేం చిన్న సాయం కాదు.

దోహా కుదరకపోతే ఆ రియాళ్లు వేరే దారి పడతాయి. మన దేశంలోని కాలేజీల్లో ఎన్నారై కోటాకు సుప్రీంకోర్టు 2005లో ఇనాందార్ కేసులో 15 శాతం దాకా ఒప్పుకుంది. ఆ కోటాలోకి బాబాయిలను, మేనమామలను కూడా చేర్చాలని 2024 ఆగస్టులో పంజాబ్ ప్రభుత్వం చూస్తే హైకోర్టు కొట్టేసింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు అది మోసమేనని తేల్చేసింది. కఠినమే అయినా న్యాయమైన మాట. దూరపు చుట్టం పేరు చెప్పి సీటు కొనుక్కునే వ్యాపారం అలాగే కదా పెరిగింది. వరంగల్ లాంటి నిట్‌లలో గల్ఫ్ కార్మికుల కోటా ఉంది, ఫీజూ తక్కువే. కానీ అది సొంత పిల్లలకే.

ఇంకో దేశం పంపుదామంటే, బ్రిటన్ మరీ పట్టింపుల మనిషి. స్టూడెంట్ వీసాకు చూపే సొమ్ము విద్యార్థి ఖాతాలోనో, తల్లిదండ్రుల ఖాతాలోనో వరుసగా 28 రోజులు ఉండాలి. బాబాయి బ్యాంకు స్టేట్‌మెంట్ ఎంత లావుగా ఉన్నా లాభం లేదు. అమెరికా నయం. ఎవరు కట్టినా సరే, ఎందుకు కడుతున్నారో కాన్సులేట్ కిటికీ దగ్గర కుర్రాడు నమ్మేలా చెప్పగలగాలి.

అందుకని చాలామంది డబ్బును ముందుగానే ఊరికి పంపేస్తారు. దానిమీద పన్ను పడుతుందేమోనని అన్న భయం. అక్కర్లేదు. తమ్ముడు అన్నకిచ్చినా, బాబాయో మేనమామో నేరుగా పిల్లాడి ఖాతాలో వేసినా బంధువిచ్చిన కానుక కింద దానికి మినహాయింపే. వీసా ఆఫీసులు, కోర్టులు పక్కకు నెట్టిన బాబాయిని దగ్గరి చుట్టంగా ఒప్పుకున్నది చివరికి మన ఆదాయపు పన్ను శాఖే!