కసిమి నలుపు

తొర్రూరు అంగళ్లలో దగ్గుమందుగా మనము కొనితెచ్చుకొను కరక్కాయను నలుగగొట్టి, నీళ్లలో నానవేసి, ఆ పసుపువన్నె కషాయములో ఇనుపమేకు నొకదానిని రాత్రియంతయు ఉంచినచో, తెల్లవారునప్పటికి ద్రవము నీలిమ కలిసిన నలుపునకు తిరిగియుండును. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారుల నల్లరంగునకు మూలమిదియే.

వారు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీళ్లతో కుండలో వేసి రెండుమూడు వారములు పులియబెట్టుదురు. పులుపునకు కరగిన ఇనుముతో కూడిన ఆ ద్రవమే కసిమి. అది తనంతట నల్లనిది కాదు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరవేసిన గుడ్డపై వెదురుకలముతో గీసినపుడే, గీత కన్నులయెదుట నల్లబడి, గాలి సోకినకొలది గాఢమగును. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. ఈ యుపాయమెరిగిన పూర్వుల సూక్ష్మదృష్టి నిజముగా శ్లాఘనీయము.

కసిమిలో మిక్కిలిగా నున్నది రెండు ఎలక్ట్రానులను కోల్పోయిన ఫెర్రస్ ఇనుము. కరక్కాయకు వగరునిచ్చు టానినులలోని ఆక్సిజన్ పరమాణువులు జంటజంటలుగా దానిని పట్టుకారువలె బిగించును. ఇట్లు లోహము చుట్టును ఇతర పరమాణువులు కూడి యేర్పడు సమన్వయ సమ్మేళనముల నిర్మాణమును 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ వివరించి, 1913లో నోబెల్ బహుమానమందెను. ఇనుము మూడవ ఎలక్ట్రానును విడుచునా, విడువదా యనునది చాలవరకు ఆ పొరుగువారిపై నాధారపడును. టానినుల పొత్తులో దానిని విడుచుట సులభము. గాలిలోని ఒక్క ఆక్సిజన్ అణువు నాలుగు ఇనుప పరమాణువులనుండి నాలుగు ఎలక్ట్రానులను గైకొని, ఆమ్లద్రవములోని హైడ్రోజన్ అయానులతో కలిసి రెండు నీటి అణువులుగా మారును. ఇట్లు మూడవ ఎలక్ట్రానును కోల్పోయిన ఫెర్రిక్ ఇనుము, టానినులు కలిసి దృశ్యకాంతిని మ్రింగివేయుటచేతనే ఆ నలుపు.

మన రక్తమందును ఫెర్రస్ ఇనుమే కలదు. కాని అచట నాలుగు నత్రజని పరమాణువుల హీమ్ వలయము, దానిని పొదివికొన్న ప్రోటీను ఆ యినుమునకు రక్షణ. అందుచేత ఆక్సిజన్ వచ్చి యంటుకొని, కణజాలమునకు చేరగనే విడివడి పోవును. ఏ కొలదిపాటి ఇనుమో ఫెర్రిక్ స్థితికి జారినను, ఎర్రకణములలోని ఎంజైములు దానిని మరల పూర్వస్థితికి దెచ్చును.

గుడ్డకు అట్టి రక్షణ లేదు. నూలులో మిగిలిపోయిన ఇనుము తేమను, గాలిని తోడుచేసికొని నూలుపోగులనే ఆక్సీకరించి పెళుసుబార్చును. పాతకాలపు కలంకారీలలో ముందుగా చిరుగునవి తరచుగా నల్లగీతలే. మీ యింట అట్టి వస్త్రమున్నయెడల, దానిని తేమలేని చోట, నల్లగీతల వెంబడి మడత పడకుండ భద్రపరుపుడు.