సముద్రపు అలంకార చేపలు: పిల్లల మేతయే ప్రధానము

తీరప్రాంత గ్రామములలో ఏదేని క్రొత్త వృత్తికి అప్పు తీసికొనదలచిన సంఘమువారు సాధారణముగా పంచాయతీ సభ్యునే మొదట సంప్రదింతురు. సభ్యుడు మంచిదన్నచో వారికి ధైర్యము కలుగును. పెదవి విరిచినచో ఆ ప్రయత్నము అచటనే ఆగిపోవును. కావున సముద్రపు అలంకార చేపల పెంపకము వంటి క్రొత్త పనిని గూర్చి సభ్యులు కొంత వివరముగా తెలిసికొనియుండుట అవసరము. ఈ పనిలో లాభము లేకపోలేదు. కాని తొట్లు కట్టించి, పంపులు కొని, చేపల జతలను తెచ్చి, గుడ్లు పెట్టించి, తీరా పుట్టిన పిల్లలన్నియు మూడవనాటికి నీటి అడుగున చచ్చి పడియుండుట చూచి, అప్పు మాత్రము మిగుల్చుకొనుటయు ఈ పనిలోనే కలదు. ఈ నష్టమునకు కారణము చేపలో కంటె మేతలోనే తరచుగా కనబడును.

నగరములలో ఇండ్లయందును, హోటళ్లయందును గాజుతొట్లలో పెంచు మంచినీటి చేపలు, అనగా గోల్డుఫిష్, గప్పీ, మోలీ మొదలగునవి, చాలవరకు పెంపకపు కేంద్రములలో పుట్టినవే. సముద్రపు చేపల సంగతి వేరు. ఈనాటికిని అందు అనేక జాతులను పగడపు దిబ్బలవద్ద పట్టి తెచ్చియే అమ్ముచున్నారు. దిబ్బల సందులలో దాగిన చేపలను బయటకు రప్పించుటకై ఫిలిప్పీన్సు దీవులలో 1960 దశకము నుండి సయనైడు అను విషమును నీటిలో చిమ్ముట వాడుకలోనికి వచ్చెను. దానివలన చేపలతోపాటు పగడములును నశించెను. మన దేశమున పగడపు దిబ్బలు మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులయందు ముఖ్యముగా కలవు. 1998లో సముద్రజలము మిక్కిలి వేడెక్కి లక్షద్వీపముల పగడములు విస్తారముగా దెబ్బతినెను. చేపను దిబ్బనుండి దొంగిలించుటకు మారుగా తొట్టిలో పుట్టించుట మేలని శాస్త్రజ్ఞులు తలచుటకు ఇట్టి అనుభవములే ఆధారము.

తొట్టిలో పుట్టించుటకు అనువైన సముద్రపు చేపలలో క్లౌన్ చేప మొదటిది. నారింజవన్నె దేహముపై తెల్లని పట్టీలు గల ఈ చిన్న చేపకు, 2003లో వచ్చిన యొక చలనచిత్రము పుణ్యమా యని, దుకాణములలో 'నీమో' యను పేరు స్థిరపడినది. సముద్రములో ఇది ఎనిమోన్ అను పువ్వువంటి జంతువు యొక్క విషపు కేశముల నడుమ కాపురముండును. తొట్టిలో ఎనిమోన్ లేకున్నను గుడ్లు పెట్టును. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మన దేశమున పలు జాతుల క్లౌన్ చేపలను, డాంసెల్ చేపలను తొట్లలో పుట్టించి, పెంచు విధానములను రూపొందించియున్నారు. ఆ సంస్థకు విశాఖపట్టణముననుకూడ ఒక కేంద్రము కలదు.

ఈ చేపకు ఒక వింత గుణము కలదు. పుట్టినప్పుడు ఆడచేప యనునది లేదు. గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడచేపగా మారును. దాని తరువాతది మగచేపగా నిలుచును. తక్కినవి ఎదుగుదల తగ్గించుకొని ఊరకుండును. ఆడచేప చనిపోయినచో మగచేపయే ఆడచేపగా మారును. కాబట్టి జతకై ఆడ, మగ యని వెదుకనక్కరలేదు. ఒక పెద్దదానిని, ఒక చిన్నదానిని ఒక తొట్టిలో విడిచినచో కొన్ని నెలలలో అవియే జతకట్టును. అయితే కుదరని జత పోట్లాడి ఒకదాని నొకటి చంపుటయు కలదు గనుక మొదటి దినములలో కనిపెట్టియుండవలెను.

కుదిరిన జత పెంకు ముక్క మీదనో, మట్టికుండ ప్రక్కనో కొన్ని వందల గుడ్లు అంటించును. మంచి మేత దొరకినచో నెలకు రెండు పర్యాయములు గుడ్లు పెట్టుటకూడ కలదు. మగచేప రెక్కలతో నీరు విసరుచు, చెడిన గుడ్లను ఏరివేయుచు కాపలా కాయును. నీటివేడి 27, 28 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నచో 7, 8 దినములకు గుడ్లలో వెండివన్నె కన్నులు మెరయును. ఆ రాత్రి చీకటి పడిన కొలది సేపటికి పిల్లలు బయటపడును. దీపము వెలుగుచున్నచో అవి సరిగా వెలువడవు. ఆ వేళకు ఆ గది చీకటిగా నుండవలెను.

అసలు కష్టము ఇక్కడనుండియే మొదలు. ఈ పిల్ల 3, 4 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే యుండును. కోడిపిల్లవలె గింజ ఏరుకొనలేదు. పొడిమేత చల్లినచో దానిని ఆహారముగా గుర్తింపలేదు. పొట్టలోని పచ్చసొన కొలదికాలమునకే సరిపోవును. ఆ లోపున తన నోటికి పట్టునంత చిన్నదియై, నీటిలో కదలుచు కంటికి కనిపించు ప్రాణి దొరకవలెను. దొరకనిచో ఆకలితో నశించును. అట్టి మేత అంగడిలో పొట్లము కట్టి దొరకదు. దానిని మనమే ముందుగా పెంచి సిద్ధముగా నుంచుకొనవలెను.

ఆ మేత రోటిఫర్ అను సూక్ష్మజీవి. దాని పరిమాణము సుమారు 100 మొదలు 300 మైక్రానులు. వేయి మైక్రానులు ఒక మిల్లీమీటరు. తలపై నున్న సన్నని రోమములను చక్రమువలె ఆడించుచు ఈదును. జపాను దేశమున ఈల్ చేపలను పెంచు చెరువులలో ఇది తామరతంపరగా పెరిగి నీటిని పాడుచేయుచుండగా రైతులు దీనిని చీడగా తలచుచుండిరి. 1960లో ఇటో అను శాస్త్రజ్ఞుడు దీనిని చేపపిల్లలకు మేతగా వాడవచ్చునని చూపెను. నేడు ప్రపంచమంతట సముద్రపు చేపపిల్లల హేచరీలు దీనిపై ఆధారపడియున్నవి. నిన్నటి చీడ నేటి మేతయైనది!

రోటిఫర్‌కు మరల మేత కావలెను. నానోక్లోరాప్సిస్ మొదలగు సూక్ష్మమైన పచ్చని నాచు దాని ఆహారము. ఈ నాచు కణము ఒక్కొక్కటి 2 మొదలు 4 మైక్రానులు మాత్రమే. విడిగా కంటికి కానరాదు, కోట్లకొలది చేరినపుడు నీరు ఆకుపచ్చగా కనబడును. ఇట్లు నాచును తిని రోటిఫర్, రోటిఫర్‌ను తిని చేపపిల్ల పెరుగును. గుడ్లు వెలువడిన తరువాత నాచుకై పరుగెత్తువానికి ఒక్క పిల్లయు దక్కదు.

నాచును పెంచుట గ్రామస్త్రీలకు అర్థము కాని విద్య కాదు. పాలకు తోడు వేయుట వంటిదే యది. పరిశోధన కేంద్రమునుండి తెచ్చిన స్వచ్ఛమైన నాచును కొంచెము తోడుగా వేసి, వడగట్టి శుద్ధిచేసిన ఉప్పునీటిలో పైరుకు వేయు ఎరువులనే, అనగా అమ్మోనియం సల్ఫేటు, సూపర్ ఫాస్ఫేటు, యూరియా, మిక్కిలి స్వల్పముగా కలిపి, వెలుతురును గాలిని అందింపవలెను. కొలది దినములలో నీరు చిక్కని ఆకుపచ్చ వర్ణము పొందును. అందు కొంత తీసి వాడుకొని, కొంత క్రొత్త తొట్టికి తోడుగా వేయవలెను. తోడు చెడినచో పెరుగు చెడునట్లే ఇచటను తోడు చెడరాదు. రోటిఫర్ ఉన్న నీటిచుక్క ఒక్కటి నాచుతొట్టిలో పడినచో కొలది దినములలో ఆ నాచు నంతయు అది మేసివేయును. అందుచేత నాచుకు వేరు గ్లాసు, వేరు గొట్టము, వేరు వల యుండవలెను. ప్రొద్దున మొదట నాచుపని ముగించి, పిమ్మటనే రోటిఫర్ తొట్టిని ముట్టవలెను. ఈ ఒక్క క్రమము పాటింపనివాడు ఎంత ఖరీదైన పంపు తెచ్చినను ఫలితము లేదు.

రోటిఫర్‌లు అనుకూల పరిస్థితులలో మగవాని అవసరము లేకయే గుడ్లు పెట్టుచు, ఒక్కొక్కప్పుడు ఒక దినములో రెట్టింపగును. అంత వేగముగా పెరిగినది అంత వేగముగా కూలిపోవుటయు కలదు. నిన్న సాయంకాలము కిటకిటలాడిన తొట్టి నేటి ఉదయమునకు శూన్యమగును. మేత మురిగిపోవుట, గాలి నిలిచిపోవుట, ఉప్పదనము హఠాత్తుగా మారుట దీనికి సాధారణ కారణములు. కావున ఒక్క పెద్ద తొట్టికంటె వేరువేరు దినములలో ప్రారంభించిన మూడు చిన్న తొట్లు క్షేమము. ప్రతిదినము నాల్గవ వంతు నీటిని సన్నని వలగుడ్డతో వడగట్టి రోటిఫర్‌లను తీసికొని, తీసినంత నీరు, నాచు తిరిగి చేర్చవలెను. పిల్లలకు వేయుటకు ముందు రోటిఫర్ కడుపు నిండియుండవలెనని మరువరాదు. ఆకలిగొన్న రోటిఫర్ ఖాళీ సంచి వంటిది. దానిని తిన్న పిల్ల కడుపు నిండినట్లు కనబడుచునే బలహీనపడి చచ్చును. పిల్లలున్న తొట్టిలో మిల్లీలీటరునకు 5 మొదలు 10 రోటిఫర్‌ల వరకు ఎల్లప్పుడు ఉండునట్లు చూడవలెను.

ఒక వారము గడచిన పిమ్మట పిల్ల నోరు పెద్దదై ఆర్టీమియా పిల్లలను తినగలుగును. మన తీరపు రొయ్యపిల్లల హేచరీలలో పనిచేసిన యువకులకు ఆర్టీమియా సుపరిచితమే. 1930 దశకమునందే శాస్త్రజ్ఞులు దీనిని చేపపిల్లలకు పెట్టి చూచిరి. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ వంటి ఉప్పు సరస్సులలో దొరకు దీని ఎండిన గుడ్లు డబ్బాలలో దిగుమతి యగుచున్నవి. ఒక గ్రాములో రెండు మూడు లక్షల గుడ్లుండును. 28 డిగ్రీల వేడిలో, ఉప్పునీటిలో, వెలుతురులో, గట్టిగా గాలి కొట్టినచో ఒక దినములో పొదుగును. గాలి ఆపి కొంతసేపు నిలిపినచో డొల్లలు పైకి తేలును. పిల్లలు దీపముచూపిన వైపు చేరును. వానిని మాత్రమే తీసి వాడవలెను. డొల్లలు చేపపిల్ల కడుపులోనికి పోయినచో ప్రేగునకు అడ్డుపడును. పొదిగిన కొలది గంటలలోనే వాడవలెను; ఆలస్యమైనకొలది ఆర్టీమియా తన సొనను తానే కరగించుకొని సారహీనమగును. డబ్బా ఖరీదైనది గనుక ఏనాటిది ఆనాడే పొదిగించుకొనుట పొదుపు.

రెండు వారముల ప్రాంతమున పిల్లలపై తెల్లని పట్టీ కనబడి, అవి పైనీటిని విడిచి అడుగునకు దిగును. ఇది గట్టెక్కినట్లే. అటుపిమ్మట క్రమముగా పొడిమేతకు అలవాటుపడును. అమ్మకపు పరిమాణమునకు ఇంకను కొన్ని నెలలు పెంచవలెను.

పై వర్ణనను బట్టి గ్రామసంఘము ఎచట ప్రవేశించుట ఉచితమో సభ్యులకే తోచవచ్చును. మొదటి పదునైదు దినముల పని రాత్రింబవళ్లు కనిపెట్టుకొనియుండవలసినది. నాచును, రోటిఫర్‌ను ఏడాది పొడవున నిలుపుకొనవలసినది. దానిని ఒక శిక్షణపొందిన కేంద్రమునకు విడిచి, గట్టెక్కిన పిల్లలను తెచ్చి పెంచుట గ్రామమునకు తగిన పని యని మా అభిప్రాయము. మహారాష్ట్రలో జరిగినది ఇట్టిదే. నవీ ముంబయిలోని ఐరోలీ యందు అచటి మాంగ్రోవ్ ఫౌండేషను, జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ కలసి నెలకొల్పిన హేచరీలో పుట్టిన క్లౌన్ పిల్లలను సింధుదుర్గ జిల్లా తీరగ్రామముల సంఘములకు పెంపకమునకై ఇచ్చిరి. లక్షద్వీపములలోని అగత్తి దీవిలో ఈ జాతీయ సంస్థయే స్త్రీల సంఘములకు అలంకార రొయ్యల పెంపకమున శిక్షణ నిచ్చెను. హేచరీ పని మన యువకులకు అసాధ్యమని కాదు. రొయ్యల హేచరీలో నాలుగేండ్లు పనిచేసిన పిల్లవాడు ఊరిలో నున్నచో ఆ సంఘము సగము దూరము నడచినట్లే.

నీటిని గూర్చియు అడిగి తెలిసికొనవలెను. ఈ చేపలకు లీటరునకు 30 మొదలు 35 గ్రాముల ఉప్పదనము గల నీరు కావలెను. గోదావరి ముఖద్వారముల చెంత వరదకాలమున సముద్రపు నీరే పలుచబడును. అట్టి గ్రామములు ముందుగానే నీరు నిలువజేసికొనవలెను. తొట్టిలో నీరు ఇంకినపుడు చాలమంది సముద్రపు నీటినే తిరిగి పోయుదురు. ఇది పొరపాటు. ఆవిరియై పోవునది నీరు మాత్రమే, ఉప్పు అచటనే మిగులును. కాబట్టి క్లోరిన్ లేని మంచినీటినే చేర్చవలెను. క్రొత్త తొట్టిలోని వడపోతలో మేలుచేయు సూక్ష్మజీవులు కుదురుకొనుటకు 4 మొదలు 6 వారములు పట్టును. తొట్టి కట్టిన మరునాడే చేపలను దింపుమని చెప్పు వ్యాపారి మాట వినరాదు. కరెంటు పోయినపుడు గాలి అందించు బ్యాటరీ ఏర్పాటు లేని యూనిట్‌కు సభ్యులు సమ్మతి తెలుపకుండుటయే మేలు.

చట్టమునకు సంబంధించి రెండు మాటలు. సముద్రపు గుర్రములు, దిబ్బలు కట్టు పగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందినవి. అందముకొరకని తొట్టిలో నుంచుటయు, అమ్ముటయు నేరము. ఉప్పునీటి పెంపకమునకు 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము క్రింద రిజిస్ట్రేషను విషయమును మత్స్యశాఖ అధికారివద్ద ముందుగానే విచారింపవలెను. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల యూనిట్లకుకూడ సహాయము చేర్చిరి. యూనిట్ వ్యయములో సామాన్యులకు 40 శాతము, స్త్రీలకును షెడ్యూల్డు కులములు, తెగలవారికిని 60 శాతము అని నిర్ణయించిరి. తక్కినది సంఘమే భరింపవలసియుండును గనుక, సబ్సిడీని మాత్రమే చూచి దరఖాస్తు పెట్టువారిని, చేపలు కొనువారెవరని మొదట అడుగవలెను.

కొనువాడు హైదరాబాదులోనో, చెన్నైలోనో యుండును. చేపలకు పంపుటకు ముందుదినము మేత ఆపవలెను. లేనిచో దారిలో వాని మలము చేతనే నీరు విషమగును. రెండు పొరల పాలిథీన్ సంచిలో మూడవవంతు నీరు, తక్కినది ఆక్సిజన్ నింపి బిగించి, థర్మోకోల్ పెట్టెలో నమర్చి, ఎండ తగులకుండ రాత్రి ప్రయాణమున పంపుట వాడుక. పెట్టె చేరినంతనే సంచిని విప్పక, కొనువాని తొట్టిలో కొంతసేపు తేలనిచ్చి, వేడి సమమైన పిమ్మట కొంచెము కొంచెముగా నీరు కలుపుచు చేపలను వదలవలెనని పెట్టెపై తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాసి పంపవలెను.