కలం పట్టాక కరువవుతున్న చదువు రుచి

మిఠాయి దుకాణంలో పనిచేసేవాడికి కొన్నాళ్లకు తీపి సయించదంటారు. సిరిసిల్లలో మగ్గం దగ్గర పెరిగిన మనిషి పెళ్లికి వెళ్తే పెళ్లికూతురి ముఖం కంటే ముందు చీర అంచు చూస్తాడు. తాపీమేస్త్రి చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లోనూ గోడ నిలువుగా ఉందా, వాలిందా అనే చూస్తాడు. కథలు, కవితలు రాసేవారి గతి కూడా ఇంతే. ఒకప్పుడు కంచంలో అన్నం చల్లారిపోతున్నా పుస్తకం మూయనివారే, రాయడం అలవాటయ్యాక మరొకరి పుస్తకాన్ని హాయిగా చదువుకోలేకపోతున్నారు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో రాసేవారికి కొదవ లేదు. బడిపంతుళ్లు, బొగ్గుబావి కార్మికులు, ఆఫీసు గుమాస్తాలు, వ్యవసాయదారులు కూడా ఇక్కడ కథలు రాశారు, పాటలు కట్టారు. వీరిలో చాలామందికి రచన జీవనోపాధి కాదు. పగలంతా పని చేసుకుని రాత్రి దీపం ముందు కూర్చున్నవారే. అందుకే చదువు రుచి పోవడం వారికి చిన్న విషయం కాదు. ఆ రుచే వారిని కలం పట్టించింది. అది పోతే కలం ఎన్నాళ్లు నడుస్తుందన్నది ప్రశ్న.

తప్పులు పట్టే కన్ను

ఇలా ఎందుకు జరుగుతుంది? మామూలు పాఠకుడు కథ చదివేటప్పుడు తరువాత ఏమవుతుందని చూస్తాడు. రచయిత మాత్రం ఎలా రాశాడని చూస్తాడు. ఎత్తుగడ బాగుందా, సంభాషణ సహజంగా ఉందా, ముగింపు ముందే తెలిసిపోయిందా అని లెక్కలు వేస్తాడు. కథలోని ముసలమ్మ చనిపోతే పాఠకుడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రచయితకు మాత్రం ఆ ముసలమ్మను రెండు పేజీల ముందే చంపి ఉండవలసిందనిపిస్తుంది.

దీనికి తోడు మరికొన్ని కారణాలున్నాయి. బాగా రాసినవాడిని చదివితే తాను అలా రాయలేకపోతున్నానన్న దిగులు. బాగా రాయనివాడిని చదివితే ఇది అచ్చయింది, తనది తిరిగి వచ్చిందన్న కోపం. పరిచయస్తులు పంపిన పుస్తకాలకు ముందుమాటలో, సమీక్షలో రాయవలసి రావడం. ఉపాధ్యాయులైతే పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ ఏ కాగితం చూసినా ఎర్ర సిరా కలం కోసం చెయ్యి వెతకడం. ఇప్పుడు సెల్‌ఫోను కూడా వచ్చి చేరింది. నాలుగు పేజీలు తిప్పేలోపు నాలుగుసార్లు పిలుస్తుంది.

పొలం పని ఎంత ఇష్టమైన రైతయినా ఏడాది పొడవునా దున్నుతూనే ఉండడు. భూమికీ విరామం కావాలి. రచయిత మాత్రం చదివిన ప్రతి పుస్తకం నుంచీ పంట తీయాలని చూస్తాడు. చివరకు చదువు కూడా కూలిపనిలా తయారవుతుంది.

డార్విన్ పశ్చాత్తాపం

ఇది మన ప్రాంతానికో, మన కాలానికో పరిమితమైన జబ్బు కాదు. జీవపరిణామ సిద్ధాంతంతో లోకాన్ని మార్చిన ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ (1809-1882) తన ఆత్మకథలో ఈ బాధను దాచుకోకుండా చెప్పుకున్నాడు. ముప్ఫై ఏళ్ల దాకా కవిత్వమంటే ప్రాణం పెట్టిన ఆయనకు, షేక్స్‌పియర్ నాటకాలను బడి రోజుల్లోనే ఇష్టంగా చదివిన ఆయనకు, పెద్దతనంలో ఒక్క పద్యపాదం కూడా రుచించలేదు. షేక్స్‌పియర్ భరించలేనంత విసుగు పుట్టించాడు. సంగీతం మీద, చిత్రాల మీద ఇష్టం కూడా దాదాపుగా పోయింది. ఏళ్ల తరబడి వివరాలు పోగుచేసి వాటి నుంచి సూత్రాలు లాగడంతో తన మనసు ఒక మరలా తయారైందని ఆయన బాధపడ్డాడు. మళ్లీ జీవితం దొరికితే వారానికి ఒక్కసారైనా కొంత కవిత్వం చదివి, కొంత సంగీతం వినే నియమం పెట్టుకుంటానన్నాడు. ఈ రుచులు పోవడమంటే సంతోషం పోవడమేనని ఆయన అభిప్రాయం.

అయితే డార్విన్‌కు ఒక్క సుఖం మిగిలింది. ఇంట్లోవారు నవలలు చదివి వినిపిస్తుంటే ఆయన ఆనందంగా వినేవాడు. కథ సుఖాంతం కావాలని మాత్రం పట్టుబట్టేవాడు. కళ్లతో చదివితే పోయిన రుచి చెవులతో వింటే మిగలడం గమనించదగ్గ విషయం.

అమెరికా నవలాకారుడు ఫిలిప్ రాత్ (1933-2018) కథ మరొకటి. జీవితమంతా నవలలు రాసిన ఈ రచయిత, ఇక కొత్తగా నవలలు చదవడం మానేశానని 2011లో చెప్పి చాలామందిని ఆశ్చర్యపరిచాడు. కానీ 74 ఏళ్ల వయసులో తనకు ఒకప్పుడు ఇష్టమైన దొస్తాయెవ్‌స్కీ, తుర్గేనెవ్, కాన్రాడ్, హెమింగ్వే పుస్తకాలను మళ్లీ మొదటి నుంచీ చదవడానికి కూర్చున్నాడు. కొత్త పుస్తకం మీద మనసు పోనప్పుడు పాత పుస్తకం తలుపు తెరిచే ఉంటుందన్నమాట.

మన సదాశివ మార్గం

ఇంత దూరం వెళ్లనక్కరలేకుండా మన ప్రాంతంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. డాక్టర్ సామల సదాశివ 1928లో నాటి ఆదిలాబాద్ జిల్లా దహెగాం ప్రాంతంలోని తెనుగుపల్లెలో జన్మించారు. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ ప్రాంతం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. వృత్తిరీత్యా అధ్యాపకులు. మొదట పద్యాలు రాశారు. తెలుగుతోపాటు ఉర్దూ, పారశీకం, సంస్కృతం, హిందీ, మరాఠీ వంటి భాషల సాహిత్యం చదువుకున్నారు. హైదరాబాదు ఉర్దూ కవి అమ్జద్ రుబాయీలను తెలుగు చేశారు.

ఆయన ప్రత్యేకత ఏమిటంటే రసికత్వాన్ని చివరిదాకా పోగొట్టుకోలేదు. కచేరీలు చేసిన గాయకుడు కాకపోయినా హిందుస్తానీ సంగీతాన్ని ప్రాణప్రదంగా విన్నారు. విన్నదీ చదివినదీ యాది చేసుకుంటూ, ఇంటి అరుగు మీద కూర్చుని ముచ్చట చెప్పినట్టుగా ‘మలయమారుతాలు’, ‘యాది’, ‘స్వరలయలు’ రాశారు. ‘స్వరలయలు’కు 2011 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2012 ఆగస్టు 7న ఆయన కన్నుమూశారు. పండితుడు కూడా రసికుడిగా ఉండిపోవచ్చునని ఆయన పుస్తకాలే సాక్ష్యం చెబుతాయి. తన రంగం కాని సంగీతాన్ని ప్రేమించడం వల్ల సాహిత్యం మీద ప్రేమ కూడా పచ్చగా ఉండి ఉంటుందని ఆయన పాఠకులకు అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

హనుమాజీపేటలో 1931లో పుట్టి, ‘విశ్వంభర’ కావ్యానికి 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న డాక్టర్ సి. నారాయణరెడ్డి మొదటి చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. తెలుగు ఆయనకు చిన్ననాట హరికథలు, జానపదాల రూపంలో చెవిన పడింది. హైదరాబాదు వెళ్లాక శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయంలో కూర్చుని తెలుగు పుస్తకాలు చదివారు. బడిలో ఎవరూ బలవంతపెట్టని చదువు అది. ఇష్టంతో చదివిన చదువే చివరిదాకా నిలిచింది.

మళ్లీ ఎలా?

పోయిన రుచి తిరిగి రావడానికి మందూ మాకూ లేవు. కానీ జ్వరం తగ్గినవాడికి జావతో మొదలుపెట్టినట్టు కొన్ని చిన్న పద్ధతులు ఉన్నాయి.

మొదటిది, పెన్సిలు పక్కన పెట్టి చదవడం. గీతలు గీయకూడదు, రాసుకోకూడదు, ఎవరికీ అభిప్రాయం చెప్పకూడదు. రెండవది, నచ్చని పుస్తకాన్ని మొహమాటం లేకుండా మూసేయడం. అన్నం మిగిల్చితే తప్పు గాని పుస్తకం మిగిల్చితే తప్పు కాదు. మూడవది, చిన్నప్పుడు మురిపించిన పుస్తకాలను మళ్లీ తీయడం. చందమామ పాత సంచికయినా, పాతికేళ్ల కిందట అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చుకుని తెల్లవార్లూ చదివిన సీరియల్ నవలయినా సరే. అది గొప్ప సాహిత్యమా కాదా అన్న విచారణ అప్పుడు అక్కరలేదు.

నాలుగవది, తాను రాయని రకం పుస్తకం చదవడం. కథకుడు చరిత్ర చదివితే, కవి వ్యవసాయం గురించి చదివితే తప్పులు పట్టే కన్ను కాసేపు మూతపడుతుంది. అయిదవది, పైకి చదవడం. ఇంట్లో పిల్లవాడికో, చూపు మందగించిన తల్లికో రోజూ రెండు పేజీలు చదివి వినిపిస్తే, వాళ్లు ఆ తరువాత ఏమైందని అడుగుతారు. రచయిత మరచిపోయిన ప్రశ్న అదే.

ఊళ్లో ఒగ్గుకథ చెప్పే రాత్రి ఎవరూ కాగితం కలం పట్టుకుని కూర్చోరు. మల్లన్న కథ అందరికీ తెలిసిందే. అయినా డోలు మోగితే చాప తెచ్చుకుని తెల్లవార్లూ వింటారు. తెలిసిన కథను కూడా మళ్లీ ఆనందించే ఆ శక్తినే పుస్తకం ముందుకు తెచ్చుకోవలసి ఉంది.

ఊరికి నష్టం

ఇది రచయిత సొంత గొడవ గదా, ఊరికేమిటి అని కొందరు అడగవచ్చు. పల్లెల్లో ఫలానా పుస్తకం బాగుందని పదిమందికి చెప్పేది సాధారణంగా రాసేవారే. వారు చదవడం మానేస్తే ఆ మాట చెప్పేవారు ఉండరు. గ్రంథాలయంలో బీరువా తాళం తీయించేవారు తగ్గిపోతారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం వచ్చినప్పటి నుంచి ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా ప్రజలు కడుతున్నారు. అంటే ఆ బీరువాలోని పుస్తకాలు ప్రజల డబ్బుతో కొన్నవే. ఇప్పుడు పట్టణ గ్రంథాలయాల్లో ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులే ఎక్కువగా కనిపిస్తున్నారు. వారి చదువు అవసరమైనదే. అయితే పరీక్ష లేని చదువు కూడా ఒకటుందని వారికి తెలియాలంటే, ఊరికే సంతోషం కోసం చదివే మనిషి ఒకరు ఆ బల్ల దగ్గర కూర్చుని కనిపించాలి.

ఆ మనిషి ఊరి రచయితే అయితే మరీ మంచిది. వారానికి ఒక గంట, డార్విన్ ఆలస్యంగా కోరుకున్న ఆ ఒక్క గంట, కలం ఇంట్లో వదిలి గ్రంథాలయానికి రావడం ఎవరికీ పెద్ద ఖర్చు కాదు.