ఉక్క దేశములలో బాటసారి సంచి

వీపున ఒక సంచి తగిలించుకొని, నడచినంత దూరము నడచి, దొరికిన బండి ఎక్కి, దొరికిన వసతిలో తలదాచుకొనుచు దేశములు చూచి వచ్చుట నేటి యువకులలో పలువురికి ప్రియమైన పని. మలేషియా, థాయిలాండు, ఇండోనేషియా, వియత్నాము వంటి ఆగ్నేయాసియా దేశములు మనకు మిక్కిలి దూరము కావు. అందుచేత మనవారు అనేకులు తొలి ప్రయాణమునకు ఆ దిక్కునే ఎంచుకొనుచున్నారు. వారిలో కొందరు బయలుదేరుటకు ముందు ఒక మాట అందురు: "రెంటచింతల ఎండలు చూచిన మాకు ఆ దేశపు ఎండ ఒక లెక్కా?" చూచుటకు ఇది ధైర్యముగనే తోచును. కాని ఈ ధైర్యమే సంచిలో చేరవలసినవాటిని చేరనీయక, చేరరానివాటిని చేర్చుచున్నది. ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి కూడ తెచ్చుచున్నది.

ఇందలి పొరపాటు తెలియవలెనన్న మన ఇంటి మంచినీళ్ళ కుండను చూచిన చాలును. వైశాఖమాసపు వడగాడ్పులో కుండనీళ్ళు చల్లగా ఉండును. కుండ ఒంటి నుండి చెమర్చిన తడి పొడిగాలికి ఆవిరియై, పోవునప్పుడు లోపలి వేడిని తీసికొని పోవుటయే ఇందుకు కారణము. శ్రావణమాసపు ముసురులో అదే కుండ, అవే నీళ్ళు. కాని ఆ చల్లదనము ఉండదు. గాలి అప్పటికే తేమతో నిండియున్నది గనుక కుండ తడి ఆవిరి కాజాలదు. మన దేహము కూడ ఇట్టి కుండయే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకాలరీల వేడిని దేహము నుండి తొలగించును. ఆవిరి కాక బొట్లు బొట్లుగా నేల రాలిన చెమటతో దేహము నీటిని, ఉప్పును పోగొట్టుకొనుటయే గాని చల్లబడుట లేదు.

రెంటచింతలలో వేసవి వేడి 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. భూమధ్యరేఖకు చేరువనున్న సింగపూరులో పగటి వేడి సాధారణముగా 31 మొదలు 33 డిగ్రీలు మాత్రమే. అంకెను చూచి ఇది తేలిక అనుకొందుము. కాని అచట గాలిలోని తేమ సగటున నూటికి 80 వంతులు మించి ఉండును. రాత్రియు వేడి పెద్దగా తగ్గదు. ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూచినప్పుడు కనబడు వేడిని శాస్త్రజ్ఞులు తడిబుడ్డి ఉష్ణోగ్రత అందురు. అది 35 డిగ్రీలకు చేరినచో, నీడలో ఊరక కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడ కొన్ని గంటలకు మించి బ్రతుకజాలడని సిద్ధాంతము. బరువు మోసి నడచువానికి అంతకంటె చాల తక్కువలోనే అపాయము. కనుక ఉక్క దేశమునకు పోవు సంచికి సూత్రము ఒక్కటే: త్వరగా ఆరునది, ఆరినదానిని తడవనీయనిది, దేహము పోగొట్టుకొన్నదానిని తిరిగి ఇచ్చునది, రోగమును దూరముగా ఉంచునది తీసికొనవలెను. తక్కినది ఇంటనే ఉంచవలెను.

మొదట సంచి మాట. 35 లేక 40 లీటర్ల సంచి చాలును. అరువది కిలోల మనిషి నీళ్ళు గాక ఏడెనిమిది కిలోలకు మించి మోయరాదు. బరువు పెరిగిన కొలది దేహములో పుట్టు వేడి పెరుగును. ఆ వేడి బయటికి పోవు దారి అచట ఇరుకు. సంచి వీపునకు పూర్తిగా అతుక్కొనక, నడుము పట్టీ గలదై, బరువు తుంటి ఎముకల మీద ఆనునట్లు ఉండవలెను.

ఇక బట్టలు. నూలు చల్లన అని మనకు గట్టి నమ్మకము. పొడి ఎండలో అది నిజము. కాని నూలుపోగు నీటిని పీల్చి పట్టుకొనును. పాలియెస్టరు పోగు దాదాపు పీల్చనే పీల్చదు. ఉక్కలో నడచువాని నూలుచొక్కా ఉదయము తడిసి సాయంత్రము వరకు తడిగనే ఉండును. కాబట్టి పగటి నడకకు పలుచని పాలియెస్టరు లేక నైలాను చొక్కాలు రెండు, పొడుగు చేతులు గలవి, లేతరంగువి, వదులైనవి కావలెను. అట్టివే రెండు పంట్లాములు. లోదుస్తులు నాలుగు, మేజోళ్ళు మూడు జతలు. రాత్రి నిద్రకు మాత్రము నూలు బనీను మంచిది. జీన్సు పంట్లామును తప్పక విడిచిపెట్టవలెను. అది బరువు, వేడి, తడిసినచో ఒక రాత్రిలో ఆరదు.

ఒక లుంగీని మరువరాదు. బర్మాలో లోంజీ అనియు, మలేషియా, ఇండోనేషియాలలో సారోంగు అనియు పిలిచెడిది మన లుంగీకి చుట్టమే. అది స్నానమునకు మరుగు, రాత్రి కప్పుకొనుటకు దుప్పటి, బస్సులో తెర, బట్టలు ఉతికి ఆరవేసినప్పుడు కట్టుకొను వస్త్రము. దానితోపాటు ఒక పలుచని తువ్వాలు చాలును. లావుపాటి తుండు ఆరదు. బ్యాంకాకు రాజప్రాసాదము వంటి చోట్ల పురుషులు కూడ మోకాళ్ళు కప్పుకొనియే ప్రవేశింపవలెను గనుక పొట్టి లాగులనే నమ్ముకొని పోరాదు.

పురుషులు సిగ్గుచేత చెప్పుకొనని బాధ ఒకటి కలదు. చెమటతో తడిసిన తొడలు ఒరసికొని చర్మము లేచిపోవుట, గజ్జలలో తామర పుట్టుట ఉక్క దేశములలో సర్వసాధారణము. ఎంతటి బలశాలినైనను ఇది రెండు దినములలో కుంటివానిని చేయును. నివారణ సులభము. తొడలను కప్పునంత పొడవుగల లోదుస్తులు ధరించుట, ఒరయు చోట బయలుదేరుటకు ముందే వాసిలీను రాయుట, సాయంత్రము స్నానము చేసి బాగుగా తుడుచుకొని లుంగీ కట్టి గాలి తగులనిచ్చుట. తామర కనబడినచో క్లోట్రిమజోలు వంటి శుద్ధమైన మందు వాడవలెను. మన అంగళ్ళలో స్టెరాయిడు కలిపిన పూతమందులు కూడ దొరకును. అవి దురదను వెంటనే అణచి, తామరను లోలోపల మొండిగా చేయును. వాటిని వెంట తీసికొనరాదు.

పాదరక్షలు గాలి ఆడునవిగా ఉండవలెను. తోలుబూట్లకు ఆ తేమలో బూజు పట్టును. నీరు చొరనీయని పొరగల బూట్లలోనికి నీరు పైనుండి ఒకసారి చేరినచో త్వరగా బయటికి పోదు. నడకకు వలవంటి గుడ్డతో చేసిన బూట్లు, సాయంత్రమునకు తేలికైన చెప్పులు చాలును. అడవులలో తిరుగువారు జలగలను అడ్డుటకు మోకాలి వరకు వచ్చు దట్టమైన నేతగల మేజోళ్ళు కొనవలెను.

వానకు మనవారు రెయిన్ కోటు తీసికొందురు. ఉక్కలో అది తొడిగినచో పైనుండి వాన, లోపల చెమట, తడియుట తప్పదు. మడత గొడుగు ఇంతకంటె మేలు. సంచి లోపల మందమైన ప్లాస్టిక్కు సంచి ఒకటి పరచి బట్టలన్నియు అందులో ఉంచవలెను. పాస్‌పోర్టు, డబ్బు, ఫోను, మందులు వేరొక చిన్న సంచిలో మూతి బిగించి పెట్టవలెను. పాస్‌పోర్టు నకలును వేరుచోట దాచవలెను. ఎల్లప్పుడు పొడిగా ఉండు ఒక జత బట్టలను రాత్రికై ప్రత్యేకించి, ఎంత బద్ధకమైనను పగలు వాటిని తొడుగరాదు.

నీళ్ళకు రెండు లీటర్లు పట్టు సీసాలు కావలెను. వాటితోపాటు ఓఆర్‌ఎస్ పొట్లములు పది. 1971 లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములలో కలరా ప్రబలినప్పుడు వైద్యుడు దిలీప్ మహలనబిస్ బొంగావ్‌లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను త్రాగించి వేలమంది ప్రాణములు నిలిపెను. ఆ సామాన్యమైన పొట్లమే చెమటలో పోయిన ఉప్పును, నీటిని కూడ తిరిగి ఇచ్చును. పొట్లము లేనినాడు ఒక లీటరు శుభ్రమైన నీటిలో సమముగా కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలుపవచ్చును. ఉప్పు లేక ఉత్త నీళ్ళనే అతిగా త్రాగుటయు అపాయకరమే.

దోమల విషయము మన నేలకు సంబంధించినది. మలేరియా క్రిమి దోమలో పెరుగునని 1897 ఆగష్టు 20 న రొనాల్డు రాస్ కనుగొన్నది మన సికిందరాబాదులోనే. ఆ దోమ రాత్రివేళ కుట్టును. డెంగీ దోమ పగలే కుట్టును. అందుచే దోమతెర ఒక్కటే చాలదు. పొడుగు చేతుల చొక్కాతోపాటు, డీట్ లేక పికారిడిన్ గల పూతమందు ఉండవలెను. వెళ్ళు ప్రాంతములో మలేరియా ఉన్నచో ముందుగానే వైద్యుని అడిగి మాత్రలు తీసికొనవలెను. జ్వరమునకు పారాసిటమాల్ మాత్రమే వెంట ఉంచవలెను. డెంగీ జ్వరములో ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ రక్తస్రావమునకు దారితీయవచ్చును. నిత్యము వాడు మందులకు వైద్యుని చీటీ వెంట ఉండవలెను.

సంచిలో పట్టని వస్తువు మరి ఒకటి కలదు: అది ఓర్పు. ఆ ఉక్కకు దేహము అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును. మొదటి మూడు నాలుగు దినములు ఉదయము, సాయంత్రము మాత్రమే కొద్దిగా నడువవలెను. తోడివాడు మాట తడబడి, అడుగు తూలి, ఒళ్ళు కాలిపోవుచున్నచో అది వడదెబ్బ. చెమట పట్టుచున్నదని భ్రమపడరాదు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, చన్నీళ్ళు ఒళ్ళంత పోసి విసరుచు, వైద్యశాలకు చేర్చవలెను. అచట నిమిషములే ప్రాణము.

బయలుదేరుటకు ముందు ఒక పరీక్ష చేయవచ్చును. ముసురు పట్టిన ఒక సాయంత్రము, తీసికొనదలచిన బట్టలన్నిటిని ఉతికి ఇంటిలోపలనే దండెము మీద వేయవలెను. తెల్లవారుసరికి ఆరనిదానిని సంచి నుండి తీసివేయవలెను. మిగిలినది సర్దుకొని, వీపున వేసికొని, ఐదారు కిలోమీటర్లు నడచి రావలెను. తిరిగి వచ్చునప్పటికి ఏది అక్కరలేదో ఆ వీపే చెప్పును.